ఖాళీ బిళ్ల అక్కగారి ముప్పై ఆరేళ్లు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూన్ నెల పన్నెండో తేదీ సోమవారం ఉదయం, మన నేర పరిశోధనా ప్రయోగశాల తలుపులు తెరవడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉందనగా, రసాయన విభాగంలో సహాయకురాలిగా చేరవలసిన ఇరవై నాలుగేళ్ల యువతి ఒకరు నియామకపత్రం చేతబట్టుకుని వచ్చి, తాళాలు వచ్చేవరకూ కూర్చోమని కాపలాదారు కుర్చీ చూపించినా కూర్చోక, వరండాలో ఆ కొసనుంచి ఈ కొసకు నడుస్తూనే ఉన్నారట. ఆనాడు మొదలైన ఆ నడక ఈ జూలై ముప్పై ఒకటో తేదీ సాయంత్రంతో ముగుస్తున్నదని పదవీ విరమణ సభ ఆహ్వానపత్రికలో అచ్చు వేశారు. అచ్చయిన ప్రతిదీ నిజం కాదని మాకు నేర్పినవారు వారే కనుక ఆ మాట నేను నమ్మడం లేదు.

వారిని ఈ భవనంలో అందరం అక్కగారు అంటాం. ఈ సన్మాన సంచికకు వారిమీద రెండు పేజీలు రాయమని సంపాదకవర్గం కోరి మూడు వారాలైంది. ఒక వాక్యం రాస్తాను, లేస్తాను, కిటికీ తెరుస్తాను, మళ్లీ మూస్తాను. ఊరందరికీ ఉపన్యాసాలు రాసిపెట్టే మనిషి పక్క బల్ల ఆవిడ గురించి రాయడానికి ఇంత మెలికలు తిరగడమేమిటని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. కారణం ఉంది. అక్కగారి సర్వీసు పుస్తకంలో, ప్రశంసలన్నిటి మధ్య, ఒక మందలింపు ఉంది: తప్పనిసరి పరీక్ష జరగకుండానే నివేదికపై సంతకం చేసినందుకు. ఆ మందలింపు సంగతి ఇక్కడ తోటమాలితో సహా అందరికీ తెలుసు. ఆ తప్పు ఎవరిదో మాత్రం ఇద్దరికే తెలుసు, అక్కగారికీ నాకూ. ఆ వాక్యం వారి పేరుమీద ఉండగానే వారు ఈ గుమ్మం దాటిపోతే ఇక దాన్ని సరిదిద్దేవారు ఉండరు. ఈ వ్యాసం అందుకోసమే రాస్తున్నాను. పొగడ్తలు ఎక్కడైనా తగ్గితే ముందు వరుసలో కూర్చునే వారి కుటుంబసభ్యులు నన్ను మన్నించాలి.

వారు చేరిన నాటికి చేతులమీద తుపాకిమందు జాడ పట్టే విద్య మన దగ్గర ఇంకా మైనంతోనే నడుస్తోంది. అనుమానితుడి చేతికి కరిగిన మైనం పూసి, చల్లారాక తొడుగులా ఊడదీసి, లోపలివైపు ఒక ద్రావకం చల్లేవారు. నీలి చుక్కలు పొడిస్తే ఆ చెయ్యి తుపాకి పేల్చినట్టు లెక్క. ఎన్నోచోట్ల ఎప్పుడో అవతల పారేసిన ఈ పద్ధతిని మన అప్పటి పెద్దసారు తాతల ఆస్తిలా కాపాడుకుంటూ వచ్చారు. కొత్త సహాయకురాలికి విద్య చూపించే ఉత్సాహంలో ఆయన తన కుడిచేతికే మైనం పూయించుకున్నారు. తొడుగు నిండా నీలి చుక్కలు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు తాగే చెయ్యి అది; పొగాకు బూడిద, పెరటి మొక్కలకు వేసే ఎరువు కూడా అదే రంగు చూపిస్తాయి. అక్కగారు ఆ తొడుగును వెలుతురుకు పట్టి చూసి, "ఇంతకీ ఎవర్ని చంపారు సార్?" అని మహా వినయంగా అడిగారట. ఆయన వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున మైనం డబ్బాను అటక ఎక్కించారు.

ఆపైన పుష్కరకాలానికి పైగా ఆమ్లంలో తడిపిన దూది రాజ్యమేలింది. దూదితో చేతులు తుడిచి, ఆ దూదిని కొలిమి యంత్రంలో పెడితే, తుపాకి పేలినప్పుడు వెలువడే లోహాల్లో సీసం ఎంత, బేరియం ఎంత, యాంటిమొనీ ఎంత అన్నది తేలేది. ఎంత ఉందో చెబుతుంది కానీ ఎక్కడిదో చెప్పదని అక్కగారికి ఆ యంత్రం మీద మొదటినుంచీ గుర్రు. ఆ రోజుల్లోనే వారికి వివాహమైంది. బావగారు డ్రాయింగు మాస్టారు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్కూటరు మీద వచ్చేవారు, ఆ స్కూటరు బ్రేకులు తనే బాగుచేసుకునేవారు. బ్రేకు పొడిలో బేరియం, యాంటిమొనీ ఉంటాయి కదా, ఇక చూడండి. ఆయన గేటు దగ్గర సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, క్యారేజీని కాపలాదారుకు అప్పగించి, కిటికీలోంచి కనిపించే ఇల్లాలికి చెయ్యి ఊపి వెళ్లిపోవాలి. "మా కాపురంలో ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది తక్కువ, పరీక్ష చేసింది ఎక్కువ" అని నేను చేరాక ఒకరోజు వాళ్లింట్లో ఆయన నాతో అన్నారు. ఆ మాటకు అక్కగారు నవ్వలేదు. క్యారేజీ మూత తుడిచే పనిలో ఉన్నారు.

రెండు వేల మూడులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చింది. అది ఏం చూపిస్తుందో ఇంట్లోవాళ్ల కోసం నాలుగు మాటల్లో చెప్పాలి. తుపాకి పేలినప్పుడు గుండు ముందుకు పోతుంది, ఆవిరైన మందు చుట్టూ ఎగసి, చల్లారుతూ గుండ్రటి రేణువులుగా పేల్చినవాడి చేతిమీద వాలుతుంది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఒకే రేణువులో సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ కలిసి కనిపిస్తే అది తుపాకిది అనడానికి గట్టి ఆధారం. బ్రేకు పొడి సాధారణంగా అలా గుండ్రంగానూ ఉండదు, మూడూ కలిసీ ఉండదు. అయితే ఈ రేణువు నిలకడ లేనిది. చేతులు కడిగితే పోతుంది, జేబులో చెయ్యి పెట్టినా పోతుంది, నాలుగైదు గంటలు మామూలుగా తిరిగితే చాలావరకు రాలిపోతుంది. పోయినంత సులువుగా ఇంకొకరి చేతినుంచి వచ్చి అంటుకుంటుంది కూడా.

ఆ అంటుకోవడమే అక్కగారికి కంటిమీద కునుకు లేకుండా చేసింది. చేతులకు అద్దడానికి చొక్కా గుండీ అంతటి లోహపు బిళ్లలు వాడతాం, వాటి తలమీద నల్లటి జిగురు టేపు ఉంటుంది. ఒక్కో పెట్టెలో మూడు బిళ్లలు. ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి. మూడోదాన్ని, అనుమానితుణ్ని ముట్టుకోకముందే, అద్దబోయే పోలీసు అధికారి తన చేతి తొడుగులకే అద్దుకుని మూత పెట్టాలి. దానిమీద ఏమీ ఉండకూడదు, అందుకే దాన్ని ఖాళీ బిళ్ల అంటాం. ఉంటే మాత్రం చేతులమీద దొరికింది నిందితుడిదో, పట్టుకొచ్చినవారిదో ఎవరూ చెప్పలేరు. ఈ ముక్క పోలీసులకు నేర్పడానికి వారు తిరగని స్టేషను లేదు. కొత్త ఫైలు రాగానే హతుడెవరు, నిందితుడెవరు అని అందరూ అడిగితే, అక్కగారు "ఖాళీ బిళ్ల ఏదీ?" అనేవారు. ఖాళీ బిళ్ల అక్కగారు అన్న బిరుదు అలా వచ్చింది, పెట్టినవారు భయపడి ఎదుట అనలేదు.

మైక్రోస్కోపు వచ్చిన మరుసటి ఏడాది నేను చేరాను. నన్ను తమ్ముడూ అని పిలిచి, ఆ యంత్రాన్ని నా చేతికి అప్పగించారు. పదేళ్లు గడిచేసరికి నాకు దానిమీద పట్టు చిక్కింది. పట్టుతోపాటు పొగరూ వచ్చింది. ఒక్కో బిళ్లను యంత్రం గాలించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఫైళ్లు కొండలా పేరుకున్న నెలల్లో నేను ముందు చేతుల బిళ్లలు చూసేవాణ్ని, ఖాళీ బిళ్లను వెనక్కి నెట్టేవాణ్ని. వందల ఖాళీ బిళ్లలు చూసినా ఒక్కదానిమీదా నాకు ఏమీ కనిపించలేదు, ఇకముందు కూడా కనిపించదన్న ధీమా అలవాటైపోయింది.

రెండు వేల పద్నాలుగు మార్చిలో ఒక గోడౌను యజమానిని ఎవరో కాల్చి చంపారు. వారం ముందు ఆయనతో లారీ మరమ్మతు విషయంలో గొడవపడిన బ్రేకుల మెకానిక్‌ను రెండు గంటల్లో పట్టుకొచ్చి, స్టేషనులో చేతులకు బిళ్లలు అద్ది మాకు పంపారు. కుడిచేతి బిళ్లమీద మూడు రేణువులు దొరికాయి, మూడూ గుండ్రంగా, మూడు లోహాలతో. అవి బ్రేకు పొడి కాదు, తుపాకివే. అందులో పొరపాటు లేదు. ఇక ఖాళీ బిళ్ల చూడాలి అనగా యంత్రంలో ఫిలమెంటు తీగ మాడిపోయింది. కొత్తది రావడానికి పదిరోజులన్నారు. అవతల కోర్టు గడువు రేపో మాపో. నా పదోన్నతి ఇంటర్వ్యూ ఆ నెలలోనే ఉంది, ఒక్క ఫైలూ బాకీ లేదని అందులో చెప్పుకోవాలని నా తాపత్రయం. ఖాళీ బిళ్ల గడిలో "రేణువులు లేవు" అని రాసేశాను. అక్కగారు గడులన్నీ చదివి, నా మీద నమ్మకంతో సంతకం పెట్టారు.

అక్కగారికి ఒక పద్ధతి ఉంది. సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్లేముందు, ముగిసిపోయిన పరీక్ష అయినా సరే, ఆ ఫైలులోని బిళ్లలన్నిటినీ మళ్లీ ఒకసారి యంత్రంలో పెట్టిస్తారు. మేమంతా దాన్ని చాదస్తం అనేవాళ్లం. పద్నాలుగు నెలల తరువాత ఆ కేసు విచారణకు వచ్చింది. నేను సెలవులో ఉన్న రోజున వారే స్వయంగా మూడు బిళ్లలూ పెట్టుకున్నారు. మర్నాడు నేను వచ్చేసరికి తెరమీద ఖాళీ బిళ్ల బొమ్మ ఉంది, ఐదు రేణువులు, తెల్లగా, గుండ్రంగా. నిందితుడి చేతిమీద మూడు, పట్టుకొచ్చినవారి తొడుగుమీద ఐదు.

"ఇది చూశావా తమ్ముడూ?" అన్నారు.

"లేదండీ."

"మరి లేవని రాశావు."

"ఎప్పుడూ ఉండవు కదండీ."

వారు లేచి గది ఈ గోడనుంచి ఆ గోడకు నడిచారు. నేను నిలబడే ఉన్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను, కోప్పడలేదు.

"ఆ మనిషి ఎన్నాళ్లుగా లోపలున్నాడు?"

"పద్నాలుగు నెలలండీ."

సంచీలో ముప్పై బిళ్లలు వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ స్టేషనుకు బయలుదేరారు. నిందితులను కూర్చోబెట్టే బెంచీ, వ్యాను వెనకసీటు, బేడీలు, బిళ్లలు అద్దే బల్ల, అన్నిటికీ అద్దారు. అక్కడి ఇన్‌స్పెక్టరు గారు సరసంగా, నా మీసాలకు కూడా అద్దుతారా మేడమ్ అన్నారు. అక్కగారు నవ్వకుండా వాటికీ అద్దారు. బెంచీ మీద పదకొండు, బేడీల మీద తొమ్మిది, వ్యానులో ఆరు, మీసాల్లో రెండు రేణువులు తేలాయి. విచారిస్తే తెలిసింది: సిబ్బంది నెలకోసారి కాల్పుల సాధనకు వెళ్తారు, వచ్చి అదే బెంచీమీద కూర్చుని తుపాకులు తుడుచుకుంటారు. మెకానిక్‌ను పట్టుకొచ్చిన ఉదయం కూడా ఆ కాల్పుల సాధన నుంచే నేరుగా వచ్చారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో, తప్పు నాదని డైరెక్టరు గారికి రాసిస్తానని అన్నాను. ఆ అనడం కూడా గట్టిగా అనలేదు, వద్దంటారేమోనన్న ఆశ గొంతులో ఉంది. వారు కిటికీవైపే చూస్తూ, సంతకం ఎవరిదైతే నివేదిక వారిదేనన్నారు. అంతటితో నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద పని అయి కూర్చుంది.

కోర్టులో అక్కగారు బోనులో నిలబడి, తన నివేదికను తానే ఖండించారు. ఖాళీ బిళ్ల పరీక్ష జరగకుండానే జరిగినట్టున్న కాగితంమీద సంతకం చేశానని, ఈ రేణువులు ఈ మనిషి తుపాకి పేల్చాడనడానికి పనికిరావని, నిందితుణ్ని ఇంతకాలం నిర్బంధంలో ఉంచడానికి తన సంతకం కారణమైందని, ఒక్క మాటా నమలకుండా చెప్పారు. వేరే ఆధారం లేదు. మెకానిక్ విడుదలయ్యాడు. గోడౌను యజమానిని కాల్చిందెవరో ఈనాటికీ తెలియదు.

మన డైరెక్టరు గారు ఆ గడిలో ఎవరు రాశారని అడిగితే, విభాగం రాసింది, నేను సంతకం పెట్టానని జవాబిచ్చారట. మందలింపు వచ్చింది. దానితో ఆ ఏడాది వారికి రావలసిన ఉపసంచాలక పదవి తప్పిపోయింది. జాబితాలో తరువాతి పేరు నాది. అవును, గత పదేళ్లుగా నేను కూర్చుంటున్న కుర్చీ వారిది. వారి సెలవు చీటీలమీద నేను సంతకం చేశాను, రేపు వారి విరమణ కాగితాలమీద కూడా నేనే చెయ్యాలి.

వారు దేవత అనుకోకండి. ఆ తరువాత నాలుగు నెలలు నాతో చీటీల ద్వారా తప్ప మాట్లాడలేదు. మొదటి చీటీలో ఉన్నది ఒకే వాక్యం, గడిచిన ఆరేళ్ల ఖాళీ బిళ్లలన్నీ మళ్లీ చూడాలని. మొత్తం నాలుగు వందల పన్నెండు. రోజువారీ పని తెమిల్చి, మిగిలిన వేళల్లో నేనే చూడాలి. పందొమ్మిది నెలలు పట్టింది. మరో రెండింటిమీద రేణువులు కనిపించాయి. ఆ రెండు కోర్టులకూ ఉత్తరాలు వెళ్లాయి, ఒక కేసు కొట్టేశారు, రెండోది వేరే సాక్ష్యంమీద నిలబడింది. ఆపైన అక్కగారు విభాగానికి ఒక నియమం పెట్టారు: ఖాళీ బిళ్ల చూడనిదే చేతుల బిళ్లల పొట్లం విప్పకూడదు. ఈరోజు మనం చేస్తున్నది అదే, చాలామందికి దాని వెనక కథ తెలియదు.

ఈ నెల మొదటివారంలో, ఈ వ్యాసం రాయలేక నలిగిపోతూ, వారి బల్ల దగ్గరికి వెళ్లి, సంచికలో అంతా రాస్తానని చెప్పాను. వారు డ్రాయరు ఖాళీ చేస్తున్నారు. నా మీద జాలిపడి నన్ను కాపాడారు కదా అన్నాను.

"జాలా? నీమీదా?" అన్నారు. "నిన్ను తీసేస్తే ఆ మిషన్ దగ్గరికి ఇంకొకడొస్తాడు. వాడికి ఖాళీ బిళ్లంటే భయం ఉండదు. నీకు పట్టుకుంది. నాకు భయపడ్డవాడు కావాలి, అంతే."

వారు డ్రాయరు మూసి, రాస్తే రాయి గానీ నా కోసమని రాయకు అన్నారు. ఇంకో మాట అడిగారు.

"ఆ మెకానిక్‌తో చెప్పావా?"

చెప్పలేదు. పదేళ్లలో ఆ ఆలోచనే రాలేదని ఇక్కడ రాయడానికి సిగ్గుపడుతున్నాను. నేను అక్కగారికి చేసిన అన్యాయం లెక్కే వేసుకుంటూ వచ్చాను, పద్నాలుగు నెలలు పోగొట్టుకున్న మనిషి నా లెక్కలోకే రాలేదు.

పోయిన ఆదివారం వెళ్లాను. బస్టాండు వెనక వీధిలో షెడ్డు. ఆయన ఒక వ్యాను చక్రం విప్పి దాని పక్కన పీటమీద కూర్చుని ఉన్నారు. నేనెవరినో, ఎందుకు వచ్చానో చెప్పాను. పాన పక్కన పెట్టి వింటూ కూర్చున్నారు. ఆయన లోపల ఉండగా వాళ్లమ్మ పోయిందని, చివరిచూపుకు తీసుకెళ్లింది బేడీలతోనని అప్పుడు తెలిసింది. విడిపించినందుకు ఆ మేడమ్‌కు దండం పెట్టాలో, చూడకుండా సంతకం పెట్టినందుకు తిట్టుకోవాలో తెలియక ఇన్నేళ్లూ రెండూ చేశానన్నారు. దండం ఏడాదికోసారి, విడుదలైన తేదీన. తిట్టు మాత్రం రోజూ పొద్దున, షట్టరు ఎత్తేటప్పుడు.

"మీరొచ్చి చక్కగా బరువు దింపుకున్నారు" అన్నారు. "నేనిప్పుడు ఇంకో మనిషిని తిట్టుకోవాలి, మళ్లీ మొదట్నుంచి."

తిట్టమన్నాను. ఆయన తిట్టలేదు. మళ్లీ పాన అందుకుని, నాలుగు నట్లు బిగించి, తలెత్తకుండానే ఒక మాట అడిగారు. ఆ మాట వినిపించడానికే ఇంతసేపూ ఈ వ్యాసం నడిపించాను.

అక్కగారూ, ఈ సంచిక అచ్చుకు వెళ్లే రోజునే, ఇందులో ఉన్నదంతా నా సంతకంతో డైరెక్టరు గారికి ఇస్తున్నాను. మీ సర్వీసు పుస్తకంలోని ఆ వాక్యాన్ని తీసి నా పుస్తకంలో రాయమని కోరాను. నామీద ఏ చర్య తీసుకున్నా అది నాకు రావలసినదే. ఇక పద్ధతి ప్రకారం నేను మీకు ఆయురారోగ్యాలు కోరాలి. వాటిని నాకంటే ముందే ఆ షెడ్డులో ఆయన కోరారు. రోజూ తిట్టిన నోటితోనే, చక్రంవైపు చూస్తూ, "ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా అండీ? నావేం తగల్లేదు కదా?" అని అడిగారు. బాగానే ఉన్నారని చెప్పాను. సభకు పిలిచాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. వేళ మాత్రం రెండుసార్లు అడిగారు. మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి అక్కగారూ, మోకాళ్లు నొప్పెట్టకుండా, కంటిచూపు తగ్గకుండా. పదేళ్లపాటు పొద్దున్నే పెట్టిన ఆ శాపాల్లో ఒక్కటి కూడా మీకు తగల్లేదని ఆయన ప్రతి ఏడూ వచ్చి తన కళ్లతో చూసి వెళ్లాలి.